అవ్వ జపం చేసుకునే భోషాణం

పాత బీరువా కొనేటప్పుడు ముందుగా దాని వీపు చూడాలట. ముందువైపు తలుపులకు ఎవరైనా పాలిష్ పట్టిస్తారు, గోడకు ఆనించే చెక్కను మాత్రం ఎవరూ పట్టించుకోరు, అందుకని అక్కడ మోసం ఉండదట. ఖాజాగూడ రాళ్ళ వెనక రేకుల షెడ్డులో పాత సామాను అమ్మే యాదయ్య చెప్పాడు ఈ మాట. మా అమ్మాయి శ్రావణి దాన్ని ఫోన్‌లో రాసుకుంది కూడా. కోకాపేటలో ఇరవై ఏడో అంతస్తులో ఇల్లు కొన్న దగ్గర్నుంచి దానికి పాత సామాను పిచ్చి పట్టుకుంది. ఆఫీసులో రోజంతా కంప్యూటరు ముందు కూర్చుని, ఇంటికొచ్చాక మళ్ళీ అదే కంప్యూటరులో పాత అల్మారాల ఫొటోలు చూస్తుంది. అందరి ఇళ్ళూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయనీ, తన ఇల్లు అలా ఉండకూడదనీ దాని పట్టుదల. మేం ఇల్లు ఇరుకైపోయిందని ఎవరికో ఒకరికి అంటగట్టి వదిలించుకున్న సామాన్లే ఇవన్నీ. వాటినే ఇప్పుడు వీళ్ళు కారేసుకుని వెతుక్కుంటున్నారు. ఎవరి పిచ్చి వారికి ఆనందం అని నేను వెంట తిరుగుతున్నాను.

ఆ శనివారం పొద్దున నేను హుషారుగానే ఉన్నాను. శ్రావణి కూతురు, మా అయిదేళ్ళ తన్వి నా వేలు పట్టుకుని షెడ్డంతా తిప్పింది. యాదయ్య ఒక అద్దాల బీరువాను పక్కకు జరిపి దాని వీపు తట్టాడు. "గిది బర్మా టేకు అమ్మా. జర చెయ్యి పెట్టి సూడుండ్రి. ఒక్క ఇనుప మేకు కనవడదు, అన్ని చెక్క సీలలే," అన్నాడు. నేను సొరుగు లాగి వాసన చూశాను. కర్పూరం, పాత కాగితాలు, ఎవరింట్లోనో ఎప్పుడో ఒలికిన కొబ్బరినూనె. అద్దంలో అక్కడక్కడ నల్లమచ్చలు పడ్డాయి. శ్రావణి అద్దం మార్పిద్దామంటే నేను వద్దన్నాను. మచ్చలుంటేనే కదా నా మొహం ముడతలు కనబడవు అన్నాను. అది నవ్వింది. నా పుస్తకాలకూ, వాళ్ళ నాన్న వదిలివెళ్ళిన ఇత్తడి చెంబులకూ ఆ బీరువా ఖాయం చేసుకున్నాం. అక్కడితో ఇంటికి వచ్చేసి ఉంటే ఈ రాత రాయాల్సిన పని ఉండేది కాదు.

"ఇంకో మాల్ ఉన్నది. మీ దిక్కుదే, ఆదోని కాడికెల్లి తెచ్చిన," అంటూ యాదయ్య మూలనున్న టార్పాలిన్ లాగాడు. భోషాణం. మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత పొడవైన చెక్కపెట్టె, నాలుగు పొట్టి కాళ్ళు, పైనుంచి ఎత్తే బరువైన మూత, ముందువైపు ఇనప గొళ్ళెం. ఆ గొళ్ళేన్ని చూసిన క్షణాన నా నాలుక మీదికి తుప్పు రుచి వచ్చింది. శ్రావణి మాత్రం ఎగిరి గంతేసినంత పని చేసింది. హాల్లో కిటికీ కింద వేసుకుని పైన చిన్న పరుపు పరిస్తే కూర్చోవచ్చునట, లోపల పిల్ల బొమ్మలన్నీ పడేయవచ్చునట. అది అలా చెబుతుండగానే యాదయ్య మూత ఎత్తాడు, తన్వి నా వేలు వదిలించుకుని లోపలికి దిగింది. దిగి, మోకాళ్ళు ముడుచుకుని పడుకుని, "అమ్మమ్మా, మూసెయ్యి, నేను కనబడను," అంది.

తర్వాత నేనేం చేశానో నాకంటే యాదయ్యే బాగా చెప్పగలడు. పిల్లను రెక్క పట్టి బయటికి ఈడ్చాను. ఈడ్చి చెంప మీద కొట్టాను. అయిదేళ్ళలో దాని మీద నేను చెయ్యి ఎత్తడం అదే మొదలు. అది ఏడవడం కూడా మరచిపోయి నన్ను చూస్తూ నిలబడింది. "అమ్మా, ఏమైంది నీకు? దాన్నెందుకు కొట్టావు?" అంది శ్రావణి. చెదలుంటాయన్నాను, తేళ్ళుంటాయన్నాను, ఎవరింట్లో ఏం జరిగిన పెట్టో ఏమో, అటువంటివి ఇంట్లోకి తేకూడదన్నాను. పిల్ల లోపల చిక్కుకుంటే ఏం చేస్తావన్నాను. ఈ ఒక్కమాట దానికి నచ్చింది. యాదయ్యను పిలిచి గొళ్ళెం ఊడదీయమంది. మూత దబ్బున పడకుండా స్ప్రింగులు పెట్టమంది, గాలి ఆడటానికి వెనక నాలుగు చిల్లులు వేయమంది. "గదెంత పని అమ్మా, మీరేం ఫికర్ చెయ్యకుండ్రి, వచ్చే ఆయితారం పొద్దుగాల ఇంటికాడ దించుత," అన్నాడతను. మా ఇంట్లో మూడు తరాలుగా ఎవరికీ తట్టని ఆలోచన అది. నా అభ్యంతరానికి రెండు నిమిషాల్లో నాలుగు చిల్లులతో జవాబు దొరికిపోయింది. మిగిలింది చిల్లులతో పోయే భయం కాదు. వచ్చే ఆదివారం మా చెల్లెలు వనజ కొత్త ఇల్లు చూడటానికి భోజనానికి వస్తోంది.

ఇన్ని కథలు రాశాను కానీ ఈ సంగతి ఎక్కడా రాయలేదు. రాస్తే వనజ చదువుతుందని భయం. మా ఊరు నంద్యాల దగ్గర. ఇంటి నడిమి గదిలో ఉండేది మా భోషాణం, నాన్నను కన్న అవ్వ దాని యజమానురాలు. లోపల పెళ్ళిళ్ళకు వాడే గంగాళాలు, పట్టుచీరలు, వాటి మధ్య వట్టివేళ్ళ కట్టలు ఉండేవి. ఎండాకాలం పెళ్ళిళ్ళ రోజుల్లో గంగాళాలన్నీ ఊళ్ళోకి వెళ్ళిపోయి అది సగం ఖాళీగా ఉండేది. అవ్వకు రోజూ ఒకటే క్రమం. నూతి దగ్గర స్నానం చేసి, ఎవరికీ అందనంత ఎత్తున దండెం మీద ఆరేసిన మడిచీరను కర్రతో దించుకుని కట్టుకునేది. వంట చేసేది, పూజ చేసేది, మాకు పెట్టేది. అందరూ తిన్నాక భోషాణం ఎక్కి కూర్చుని తులసిపూసల మాల తీసేది. మాల నూటెనిమిది పూసలూ తిరిగితేనే ఆవిడ నోట్లోకి అన్నం వెళ్ళేది. నేల మీద కూర్చుంటే పిల్లలం పరిగెత్తుతూ ముట్టుకుంటామని ఆ ఎత్తు. ఎక్కేముందు గొళ్ళెం తగిలించి, పైన బొంత పరిచేది. ఈ పనులేవీ ఆవిడ చూసి చేసేది కాదు, చేతులు వాటంతటవే చేసుకుపోయేవి. చెవుడు ఎక్కువ. పిలిస్తే వినబడదు, ముట్టుకుని పిలవాలి. మడిలో ఉన్న మనిషిని ముట్టుకోకూడదు. ఆ చెవుడుకూ ఈ మడికీ మధ్య మా ఇంట్లో అందరమూ సైగలతో బతికేవాళ్ళం.

ఆ సంగతి జరగడానికి ముందు చలికాలంలో నేనొకసారి గుమ్మంలోంచి విసురుగా వచ్చి మడిలో ఉన్న అవ్వను ఢీకొన్నాను. ఆవిడ నన్ను ఒక్కమాట అనలేదు. మళ్ళీ నూతి దగ్గరికి వెళ్ళి చన్నీళ్ళు పోసుకుంది, వంట మళ్ళీ మొదలుపెట్టింది, సాయంత్రానికి జ్వరంతో మూలిగింది. పదకొండు రోజులు లేవలేదు. నాన్న నన్ను కొట్టలేదు, కొట్టినా బాగుండేది. మంచం పక్కన నిలబెట్టి, "అవ్వకు ఏమన్నా అయితే ఆ పాపం నీదే," అన్నాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ముట్టుకుంటే అవ్వ చచ్చిపోతుందని నేను నిజంగా నమ్మాను. ఈ మాట సాకుగా చెప్పడం లేదు. ఆ భయం ఎంత నిజమో చెప్పకపోతే తక్కినది ఎవరికీ అర్థం కాదు.

ఎండాకాలం సెలవులు. అమ్మ పక్కవీధి పెళ్ళివారింటికి అప్పడాలు ఒత్తడానికి వెళ్ళింది. నాన్న ఊళ్ళో లేడు. అవ్వ వడ్డించిన అన్నం తిని మా మేనత్త పిల్లలతో దాగుడుమూతలు మొదలుపెట్టాం. వనజకు అయిదు నిండలేదు, ఎక్కడ దాక్కున్నా దాని గౌను అంచు కనబడి ముందు అదే దొరికిపోయి ఏడ్చేది. దాన్ని గెలిపిద్దామనిపించింది నాకు. మూత ఎత్తింది నేనే. దాన్ని ఎత్తి లోపల పెట్టింది నేనే. "కిక్కురుమనకు, నేనొచ్చి తీసేదాకా కదలకు," అని మూత దించాను. గొళ్ళెం మాత్రం వేయలేదు. తర్వాత నేను పెరట్లో కట్టెల వెనక దాక్కున్నాను. ఆటలో ఎవరో ఎవరినో గిల్లారు, తగాదా పడి మేనత్త పిల్లలు వాళ్ళింటికి వెళ్ళిపోయారు. నేను నవ్వుకుంటూ లోపలికి వచ్చేసరికి అవ్వ భోషాణం మీద కూర్చుని ఉంది. కింద గొళ్ళెం వేసి ఉంది. ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది, మాల అప్పుడే మొదలుపెట్టింది.

గుమ్మం దగ్గర నిలబడిపోయాను. లోపలినుంచి చప్పుడు మొదలైంది, చిన్న పిడికిలితో కొట్టే చప్పుడు. అంత మందం చెక్కకు, బొంతకు అవతల అది నాకే సన్నగా వినిపించింది. అవ్వకు వినబడలేదు, అదిరినట్టు మాత్రం తెలిసింది. కళ్ళు తెరవకుండానే మడమతో చెక్క మీద రెండుసార్లు తన్నింది. పందికొక్కులనుకుంది. ఆ గదిలో పందికొక్కులు మామూలే. నేను అవ్వ వేళ్ళ కింద జారుతున్న పూసల్ని చూస్తున్నాను. అయిపోతుంది, ఇంకాసేపట్లో అయిపోతుంది, అయిపోగానే ఆవిడే దిగుతుంది, నేను ముట్టుకోనక్కర్లేదు. ఇదొక్కటే నా తలలో తిరిగింది. లెక్కపెట్టడం మొదలుపెట్టాను. గది ఈ మూల నుంచి ఆ మూలకు నడుస్తూ లెక్కపెట్టాను. పక్కవీధికి పరిగెత్తితే అమ్మ ఉంది. వీధిలోకి వెళ్ళి ఎవరిని పిలిచినా వస్తారు. ఇవి నాకు తట్టలేదని అరవై ఏళ్ళు చెప్పుకున్నాను. తట్టాయి. అమ్మను పిలిస్తే అమ్మ అవ్వను ముట్టుకుంటుంది, అవ్వ చచ్చిపోతే ఆ పాపం నాకే వస్తుంది, ఎందుకంటే పెట్టెలో పెట్టింది నేను. ఇలా లెక్క వేసింది తొమ్మిదేళ్ళ బుర్ర. ఎనభై దాటాక లోపల చప్పుడు ఆగిపోయింది. నా పావడా తడిసిపోయింది, అయినా కాలు ముందుకు పడలేదు. నూటెనిమిది అయింది. అవ్వ మేరుపూసను కళ్ళకు అద్దుకుంది. ఆ రోజు ఏకాదశి అని నాకు గుర్తులేదు. ఏకాదశికి ఆవిడ రెండు మాలలు తిప్పుతుంది. మళ్ళీ మొదటి పూస పట్టుకుంది.

రెండో మాల సగానికి వచ్చేసరికి బట్టలుతికే సుంకమ్మ ఉతికిన మూట తెచ్చింది. ఆమె వసారా దాటి లోపలికి రాకూడదు. మూట గడప అవతల పెడితే అవ్వ నీళ్ళు చల్లి తీసుకునేది. అక్కడినుంచి ఆమెకు కనబడింది నేనే. నేను ఏడవడం లేదు, పిలవడం లేదు, భోషాణాన్ని చూస్తూ పెదవులు కదుపుతున్నాను. "ఏం పెద్దపాపా, అట్ల నిలబడినావు? చిన్నపాప యాడ?" అంది. నేను లెక్కపెడుతూనే ఉన్నాను. నా చూపు వెంట ఆమె చూపు పోయింది. మూట అక్కడే పడేసి, గడప దాటి, నన్ను పక్కకు తోసి, అవ్వను రెండు చంకల కింద పట్టుకుని పసిపిల్లను దించినట్టు కిందికి దించింది. గొళ్ళెం తీసి మూత ఎత్తింది. వనజ నీలంగా, చెమటతో తడిసిపోయి, కళ్ళు మూసుకుని ఉంది. సుంకమ్మ దాన్ని తలకిందులుగా పట్టి వీపు చరిచింది, మొహాన నీళ్ళు కొట్టింది. ఎంతసేపటికో అది దగ్గింది. అవ్వ మడీ గిడీ మరచిపోయి సుంకమ్మ చేతుల్లోంచే దాన్ని లాక్కుని గుండెకు కరుచుకుంది. అవ్వ చచ్చిపోలేదు. స్నానం కూడా ఆ పూట చేయలేదు.

సాయంత్రం నాన్న వచ్చాక విచారణ జరిగింది. నీకెలా తెలిసిందని సుంకమ్మను అడిగారు. ఆమె వసారా కింద నిలబడి నావైపు ఒక్కసారి చూసింది. "పెద్దపాపే ఉరికొచ్చి పిల్చింది సామీ. లేకుంటే నాకెట్ల తెలుస్తాది?" అంది. ఎందుకలా చెప్పిందో నాకు తెలుసు, నన్ను చితక్కొడతారని. నాన్న నన్ను ఎత్తుకుని ముద్దు పెట్టుకున్నాడు. ఇంటినిండా జనం నా తెలివిని మెచ్చుకున్నారు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. తర్వాతి వారం సుంకమ్మ మూట మళ్ళీ గడప అవతలే పెట్టింది, అవ్వ మళ్ళీ నీళ్ళు చల్లే తీసుకుంది. లోపలికి రమ్మని ఆమెతో ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

వనజ పెద్దదయింది, లెక్కల టీచరయింది, రిటైరై ఇప్పుడు కూకట్‌పల్లిలో కొడుకు దగ్గర ఉంటోంది. స్నానాలగది తలుపు గడియ పెట్టుకోదు. లిఫ్టు ఎక్కితే ఎవరి చెయ్యో ఒకటి పట్టుకుంటుంది. కనబడిన ప్రతివాళ్ళకూ మా అక్క నన్ను బతికించిందని చెబుతుంది. నేను ఉద్యోగం విరమించిన రోజు సభలో మైకు పట్టుకుని చెప్పింది. నేను తల వంచుకుని కూర్చుంటే జనం దాన్ని వినయమనుకుని చప్పట్లు కొట్టారు. ఒక్కోసారి అనిపిస్తుంది, ఆ కాలానికీ ఈ కాలానికీ ఎంత తేడా అని. ఈ ఇంట్లో పిల్ల గదికి కెమెరా ఉంది, ప్లగ్గు చిల్లులకు మూతలున్నాయి, పెద్దవాళ్ళను ముట్టుకోవడానికి ఎవరికీ భయం లేదు. తన్వి నా పొట్ట మీదెక్కి తొక్కుతుంది. ఈ ఇంట్లో భయపడుతూ తిరిగే మనిషిని నేనొక్కదాన్నే.

ఆ వారమంతా నేను సరిగా తినలేదు. వద్దని శ్రావణికి రెండుసార్లు చెప్పబోయాను. కారణం అడుగుతుంది, కారణం చెబితే పిన్నికి చెబుతుంది, దాని నోట్లో నువ్వుగింజ నానదు. ఆదివారం పొద్దునే సర్వీసు లిఫ్టులో భోషాణం వచ్చింది. కిటికీ కింద పెట్టారు. గొళ్ళెం ఉన్నచోట కొత్త చెక్క ముక్క అతికించారు. పదకొండున్నరకు వనజ వచ్చింది. చెప్పులు విప్పుతూ దాన్ని చూసింది. నేను వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఆమెకు ఏమైనా అవుతుందేమో, ఊపిరాడక పడిపోతుందేమో అనుకున్నాను. ఆమె మెల్లగా దగ్గరికి వెళ్ళింది, మూత మీద అరచెయ్యి పెట్టింది, ఎత్తింది, లోపలికి వంగి చూసింది. "అవ్వది ఇంతకంటే పెద్దది కదక్కా," అంది. అని, అంచు మీద కూర్చుని తన్విని దగ్గరికి పిలిచింది.

తన్వి వారం రోజులుగా నా దగ్గరికి సరిగా రావడం లేదు. వనజ ఒళ్ళోకెక్కి, "చిన్నమ్మమ్మా, అమ్మమ్మ నన్ను ఇందులోంచి లాగి కొట్టింది," అని ఫిర్యాదు చేసింది. వనజ నవ్వింది. "ఎందుకు కొట్టిందో తెలుసా బంగారూ? నేను నీ అంతప్పుడు ఇలాంటి దాంట్లోనే చిక్కుకుపోయాను. మీ అమ్మమ్మ లేకపోతే నేను లేను," అంటూ మొదలుపెట్టింది. శ్రావణి వంట వదిలేసి వచ్చి వింది. దానికి కథ తెలుసు గాని, ఈసారి వనజ ఇదివరకెప్పుడూ చెప్పని ముక్క ఒకటి చెప్పింది. "ముందు చాలాసేపు కొట్టాను. తర్వాత చెక్కకు చెవి ఆనిస్తే మా అక్క కాలిపట్టీల చప్పుడు వినబడింది. ఇటూ అటూ తిరుగుతోంది. అక్క ఇక్కడే ఉంది కదా, తీస్తుందిలే అనుకుని కొట్టడం మానేశాను. పట్టీలు వింటూనే నిద్ర వచ్చేసింది," అంది.

నేను వింటున్నాను. లోపల ఆ పిడికిలి చప్పుడు ఎందుకు ఆగిందో అరవై ఏళ్ళ తర్వాత తెలిసింది. తన్వి నావైపు తిరిగింది. దాని కళ్ళలో అనుమానం పోయి మెచ్చుకోలు వచ్చింది. "అప్పుడు నువ్వు పరిగెత్తి ఆ సుంకమ్మ ఆంటీని పిలిచావా అమ్మమ్మా?" అని అడిగింది. ఊ అంటే సరిపోయేది. ఎన్ని వందలసార్లు అన్నానో. ఆ పిల్ల మొహం చూస్తూ అనలేకపోయాను.

"లేదమ్మా," అన్నాను. "నేనెవరినీ పిలవలేదు. సుంకమ్మే తనంతట తాను చూసి వచ్చింది. నువ్వు లోపల ఉన్నావని నాకు తెలుసు వనజా. అవ్వను ముట్టుకోవాలంటే భయమేసి, మాల అయిపోతుందేమో అని లెక్కపెడుతూ తిరిగాను. ఒక మాల అయింది, రెండోది కూడా సగానికి వచ్చింది. సుంకమ్మ నాకోసం అబద్ధం చెప్పింది."

శ్రావణి తన్విని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. తొమ్మిదేళ్ళ పిల్లవు, నీ తప్పేముందక్కా అంటుందేమో, నాకెప్పుడో తెలుసు అంటుందేమో అని ఆశపడ్డాను. వనజ అంచు మీదినుంచి లేచి, మూత నెమ్మదిగా దించి, వెళ్ళి కుర్చీలో కూర్చుంది. నేను మంచినీళ్ళు తెచ్చాను. గ్లాసు అందుకుంది గాని తాగలేదు.

"మా ఆయన పోయినప్పుడు ఆస్పత్రి వరండాలో ఒక్కదాన్నే కూర్చున్నాను," అంది నా మొహం చూడకుండా. "అప్పుడు కూడా ఆ పట్టీల చప్పుడే తలుచుకున్నాను. ఎంత భయమేసినా అదొకటుండేది నాకు. అది కూడా తీసేసుకున్నావా అక్కా?"